నాలుగో చుక్క

మామగారి పళ్ళు రెండు ముక్కలై అప్పటికి రెండు గంటలు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అత్తగారు మాత్రం రెండుసార్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి, మొహం సరిచేసుకుని లోపలికి వచ్చింది.

కోడలు వెనకగది గుమ్మం ముందు స్టూలు వేసుకుని కూచుంది. గదికి తాళం. తాళంచెవి ఆమె బొడ్లో. మూడు రోజులుగా అది అక్కడే ఉంది. ఊళ్ళో సగంమంది కట్టుడు పళ్ళు పుట్టేది ఆ గదిలోనే. మూడు రోజులుగా అక్కడ ఒక్క పన్నూ పుట్టలేదు.

"ఎంతసేపిలా కూచుంటావు?" అన్నాడు భర్త. ముందుగదిలో కౌంటరు దగ్గర కూచుని వచ్చినవాళ్ళకు చీటీలు రాసిచ్చేది అతనే. ఆ పని మానేసి ఇప్పటికి ఐదోసారి వచ్చాడు. "నాలుగింటికి పళ్ళు కట్టేవాళ్ళ సంఘం కార్యదర్శి నాన్నకి ప్రశంసాపత్రం ఇవ్వడానికి వస్తున్నాడు. ఫోటోగ్రాఫర్ని కూడా తెస్తున్నాడు. నాన్న నోట్లో చూస్తే పళ్ళు లేవు."

"తెలుసు. నన్ను తిడుతుండగానే కదా ఊడిపడ్డాయి."

అది నిజం. భోజనాల దగ్గర పెద్దాయన బల్ల మీద గుద్ది, "తాళంచెవి ఇస్తావా, ఇవ్వవా?" అని అరిచాడు. ఆ అరుపుకి పై దవడ పళ్ళసెట్టు జారి బండల మీద పడి నిలువునా పగిలింది. చిగుళ్ళు అరిగిపోయాయి, సెట్టు వదులైంది, ఒకసారి సరిచేద్దాం అని కోడలు రెండేళ్ళుగా చెబుతూనే ఉంది. అడిగితే లోకువైపోతానని ఆయన అడగలేదు. ఊడిపడేదాకా బింకంగానే ఉన్నాడు.

"ఇవాళొక్కరోజుకి తాళం తియ్యి. ఫోటో అయిపోయాక నీ కోపం నువ్వు పడు. ఎవరొద్దన్నారు?"

"నాది కోపం కాదండీ."

"మరేంటి?"

"చెప్పాను కదా. ఈ పళ్ళు కట్టేది నేనని మామయ్యగారు వాళ్ళముందు తన నోటితో చెప్పాలి. ఇంకేం అక్కర్లేదు నాకు."

భర్త తల పట్టుకున్నాడు. "ఎవరు కడితే ఏంటి? పేరు ఇంటిదేగా! నా పేరుందా ఎక్కడైనా? నేనెప్పుడైనా అడిగానా?"

"మీరు అడగలేదు. అదే నా బాధ."

అతనికి ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు కనబడకుండా గోడ మీది గడియారం వంక చూశాడు.

"నీకేం తక్కువైందిక్కడ?"

"తక్కువైందని కాదు. నేనున్నానో లేదో తెలియట్లేదు." ఆమె గొంతు పెంచలేదు. "పోస్టాఫీసులో కూచునే ఆవిడ గుర్తుందా? ఆవిడ పాత ఫోటో తెప్పించుకుని చూశాను. ముందుపన్ను ఒకటి కాస్త పక్కకు తిరిగి ఉంది. సెట్టులో కూడా అలాగే తిప్పి పెట్టాను. అద్దంలో చూసుకుని ఏడ్చేసింది. నా మొహం నాకు దొరికింది మాస్టారూ అని మామయ్యగారి చేతులు పట్టుకుని వదల్లేదు. నేను ముందుగదికీ నడవకీ మధ్యనున్న తెరవెనక నిలబడి చూశాను. ఆ చేతులు ఆ పన్ను ముట్టుకోలేదండీ. ఆ ఏడుపు నాది. ఆయన తీసేసుకున్నారు."

భర్త మళ్ళీ గడియారం వంక చూశాడు. మంచివాడే. కానీ మంచితనమంతా కౌంటరు ముందే ఖర్చుపెట్టేసి, ఇంట్లోకి వచ్చేసరికి చేతులు ఖాళీగా ఉంటాయి.

గురువారం జరిగింది అతనూ చూశాడు. సంఘం కార్యదర్శి ప్రశంసాపత్రం చిత్తుప్రతి తెచ్చి, ఇక్కడే కట్టించుకున్న పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ చదివాడు. ఆ కార్యదర్శి పళ్ళు కట్టడు, పళ్ళు కట్టే సామాను అమ్ముతాడు. "అద్దం ముందు కూచుని తన పళ్ళు తానే కట్టుకున్న ఏకైక మాస్టరు" అన్న వాక్యం దగ్గర ఆగి, "ఆ వెనకగదిలో ఎవరుంటారండీ?" అని మాటవరసకు అడిగాడు.

"ఎవరూ లేరు. ప్లాస్టరు కలిపే మనిషి" అన్నాడు పెద్దాయన.

కోడలు అప్పుడు తెర పక్కనే ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఆ ఉదయం మెరుగుపెట్టిన నాలుగు సెట్లు. భర్త ఆమెను చూశాడు. చూసి, చీటీల కట్ట సర్దుకున్నాడు. ఆమె పళ్ళెం తిరిగి లోపల పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"జావ కాచాను. తాగడట" అంటూ అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. "సంఘంవాళ్ళు వచ్చే రోజున జావ తాగిన మొహంతో ఉండడట. నువ్వు వెళ్ళరా, కౌంటరు దగ్గర ఎవరో పిలుస్తున్నారు."

ఎవరూ పిలవలేదు. కొడుకు వెళ్ళిపోయాడు. ఆవిడ కోడలి పక్కనే గచ్చు మీద చతికిలబడింది.

"మీరు కూడా తియ్యమని చెప్పడానికి వచ్చారా అత్తయ్యా?"

"పెద్దవాడు. ఆ మొహం చూడలేకపోతున్నానమ్మా. బుగ్గలు లోపలికి పోయి, పసిపిల్లాడిలా అయిపోయాడు." ఆవిడ కోడలి చెవి దగ్గరికి వంగింది. "కానీ ఒక మాట చెప్పనా? నలభై ఏళ్ళలో ఆయన మాట మధ్యలో ఆగిపోవడం ఇదే మొదటిసారి. ఇవాళ వంటింట్లో నా ఆలోచన నాకు వినబడింది."

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఆయన పళ్ళు ఎవరు కట్టారో మీకు తెలుసా?"

"తెలీకేం? అద్దం ముందు కూచున్న మాట నిజమే. గడ్డం గీసుకోవడానికి!" అని అత్తగారు లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నేను తియ్యమననూ, వద్దననూ. కానీ తియ్యదలుచుకుంటే ఊరికే మాత్రం తియ్యకు."

ఆవిడ వంటింటి గుమ్మం చేరకముందే నడవలో పెద్దాయన చెప్పుల చప్పుడు వినిపించింది.

నోటికి అడ్డంగా తువ్వాలు. చేతిలో గాజుగిన్నె, గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో పైసెట్టు. కార్యదర్శి కోసం ఇస్త్రీ చేయించుకున్న చొక్కా అప్పుడే తొడుక్కున్నాడు. గుండీ ఒకటి కిందిది పైదాంట్లో పడింది.

"ఇదిగో" అన్నాడు. పళ్ళు లేని నోట్లోంచి మాట మెత్తగా జారింది.

కోడలు తలెత్తలేదు.

"ఇదిగో, నిన్నే."

"తలుపుని పిలుస్తున్నారేమో అనుకున్నాను మామయ్యగారూ. పదకొండేళ్ళుగా మా ఇద్దరికీ అదే పిలుపు."

పెద్దాయన గిన్నె ఆమె పక్కన గచ్చు మీద పెట్టాడు. ఆమె వంగకూడదనే అనుకుంది. మనసు ఎంత బిగబట్టినా, పని కనబడితే చేయి ఊరుకోదు. సెట్టు తీసి, కొంగుతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూసింది. రెండు ముక్కలూ ఒకటయ్యాయి. అతుకు మాత్రం వంకర. ఎడమవైపు పళ్ళవరస కుడివైపు కన్నా గోరంత కిందికి దిగింది.

"ఎవరు అతికించారు?"

"నేనే. ముందుగదిలో అతికించే పొడీ ద్రవం ఉంటే..."

"అచ్చు పొయ్యకుండానా?"

ముక్కలు రెండూ కుదిర్చి, మైనంతో పట్టించి, కింద ప్లాస్టరు పోసి అచ్చు తీసుకున్నాకే అతుకు వేయాలి. ఆ పనిలో చేరినవాళ్ళకు మొదటి వారంలో నేర్పే పాఠం అది. చేత్తో పట్టుకుని అతికిస్తే ఎంత నిపుణుడికైనా వంకరే వస్తుంది. తొందరలో పెద్దాయన చేసింది సరిగ్గా ఆ తప్పే.

"నేను పనిలోకి దిగిన కొత్తలో ఇదే తప్పు చేస్తే మీరు ఏమన్నారో గుర్తుందా? చేతులున్న పశువు అన్నారు."

పెద్దాయన తువ్వాలు ఇంకొంచెం బిగించాడు.

"నేను మిమ్మల్ని అలా అనను. మీ చేతులు వణుకుతున్నాయి, కళ్ళకి అతుకు ఆనలేదు. అంతే."

తిట్టినా ఆయనకు అంత నొప్పి పుట్టేది కాదు. "జాలి చూపించకు. సరిచెయ్యి" అన్నాడు.

"చెయ్యను."

"గంట పని."

"గంట పనే. మళ్ళీ కోసి, అచ్చు పోసి, అతికించి, మెరుగుపెట్టి మీ చేతిలో పెట్టగలను. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చెయ్యలేరు. వేరే కొట్టుకి పంపిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. అన్నీ తెలుసు. ఐనా చెయ్యను."

"ఇంత పొగరు ఎక్కణ్ణించి వచ్చిందే నీకు?"

"ఆ గదిలోంచే వచ్చింది. ఎనిమిదేళ్ళు మైనం చెక్కాను అక్కడ. నా చేతికింద ఒక దవడ లేచి నిలబడినప్పుడల్లా కాస్త కాస్త వచ్చింది. మీరు నన్ను చూడలేదు కానీ, ఆ పళ్ళలో నన్ను నేను చూసుకున్నాను."

పెద్దాయన స్టూలు కోసం చూశాడు. నడవలో ఉన్న ఒక్క స్టూలు మీదా కోడలు కూచుని ఉంది. ఆమె లేవలేదు. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అద్దం ముందు కూచుని కట్టుకున్నారట!" ఆమె గొంతు ఇప్పుడు లేచింది. "ఎంత మాస్టరైనా తన నోట్లోకి తాను చూసుకోగలడా మామయ్యగారూ? పై దవడా కింది దవడా ఎక్కడ కలుస్తాయో ఇంకొకరు పట్టుకుని చూడాలి. ఆ సంగతి నాకు నేర్పింది మీరే. ఆరేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, మీ దవడ పట్టుకుని చూసింది ఈ వేళ్ళు. మీరు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. తెరిస్తే ఒప్పుకున్నట్టవుతుందని భయం."

ఆయన ఇప్పుడూ కళ్ళు మూసుకున్నాడు.

ఆమె సెట్టు తిరగేసి ఆయన ముందు పట్టుకుంది. ఆ కొట్టులో తయారైన ప్రతి పైసెట్టుకీ, నాలుక ఎత్తితే తగిలే చోట సూదిమొనంత చుక్కలు మూడు ఉండాలి. అది మాస్టారి గుర్తు. కట్టించుకున్నవాళ్ళు పట్టించుకోరు. వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

"ఇలా చూడండి. మీ సెట్టుకి ఎన్ని చుక్కలున్నాయో చెప్పండి."

"నాలుగు" అన్నాడు పెద్దాయన, కళ్ళు తెరవకుండానే.

ఆమె చేయి గాలిలోనే ఆగిపోయింది. నాలుగోది తను పెట్టిన గుర్తు. ఇన్నేళ్ళూ అది తనకొక్కదానికే తెలిసిన రహస్యమనుకుంది.

"మీకెప్పుడు తెలుసు?"

"పెట్టుకున్న రోజే. నలభై ఏళ్ళు చుక్కలు పెట్టినవాణ్ణి. నా నోట్లో ఎన్నున్నాయో నాకు తెలీదా?" మాటలు తడబడ్డాయి, కానీ ఆగలేదు. "ఆరేళ్ళు. ఎవరైనా మీ పళ్ళు భలే ఉన్నాయి మాస్టారూ అంటే చాలు, నాలిక తిన్నగా అక్కడికే పోయేది. ఒక్క మెచ్చుకోలు కూడా ఒంటికి పట్టలేదు."

"మరి ఎందుకు అరగదీయించలేదు?"

ముందుగదిలో ఎవరో దగ్గారు. వంటింట్లో అత్తగారి చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"అంత బాగా నేనెప్పుడూ కట్టలేదు" అన్నాడు చివరకు.

ఇది వింటే కోడలి గుండె కరగాలి. కరగలేదు. ఒళ్ళు మండింది.

"తెలియక చేసుంటే మన్నించేదాన్ని. తెలిసి మింగారు. నన్ను మీ నోట్లో దాచుకుని, అదే నోటితో ఎవరూ లేరన్నారు."

"ఆ కార్యదర్శి గొప్ప నాకెందుకు? వాడికి మైనానికీ సబ్బుకీ తేడా తెలీదు. వాడు పత్రం ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత? నా పని ఎలాంటిదో చెప్పగల మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు."

"ఎవరు?"

ఆయన నోరు కదిలింది.

"ప్లాస్టరు కలిపే మనిషా? ఆ మనిషి మెచ్చుకుంటే మీకేం వస్తుంది మామయ్యగారూ? నేనెవర్నీ కాకపోతే, నా మెచ్చుకోలుకి మాత్రం విలువెక్కడిది? అది కావాలంటే ముందు నేనొక మనిషినని మీరు ఒప్పుకోవాలి. ఒప్పుకోరు. కానీ మెచ్చుకోలు మాత్రం కావాలి!"

నాలుగో చుక్క గురించి ఆమె చెప్పవలసింది ఇంకొకటి మిగిలే ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది. ఈయన ఒక్కడికే చెప్పి వృథా చెయ్యడం ఎందుకని మింగేసింది.

పెద్దాయన గోడను వదిలి నిటారుగా నిలబడ్డాడు. "సరే. ముందు అతికించు. పెట్టుకుని, వాళ్ళముందు నువ్వే కట్టావని చెబుతాను. నా మాట మీద నమ్మకం లేదా?"

ఇక్కడ చాలామంది కోడళ్ళు లొంగిపోయేవాళ్ళు. ఇంతకన్నా ఏం కావాలి? పెద్దవాడు దిగివచ్చాడు, మాటిచ్చాడు. ఆమె కూడా ఒక్క క్షణం తాళంచెవి మీద చెయ్యి వేసింది. కానీ ఆ చెయ్యి తీసేసింది.

"వద్దు."

"మళ్ళీ ఏమైంది?"

"నేను కట్టిన పళ్ళతో చెబితే, నేను చెప్పించినట్టే ఉంటుంది. పళ్ళ కోసం చెప్పారంటారు. మీకూ అలాగే అనిపిస్తుంది రేపు. మీ వట్టి నోటితో చెప్పండి. అదైతే మీ మాట."

"ఈ మొహంతోనా? వాళ్ళముందా?"

"ఆ మొహం మీదే కదా!"

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. చెప్పిన సమయానికి ముప్పావుగంట ముందే వచ్చేశాడు కార్యదర్శి. "మాస్టారూ! వెలుతురు బాగుందని కాస్త ముందే వచ్చేశాం. ఫోటోగ్రాఫరుగారు సాయంత్రమైతే నీడలు పడతాయన్నారు" అన్న అతని గొంతు ముందుగదంతా నిండింది. వెంటనే భర్త గొంతు. "రండి రండి, కూచోండి. నాన్నకి పొద్దుట్నుంచి ఒంట్లో కాస్త నలతగా ఉంది. ఇవాళ బయటికి రాలేరేమో..."

పెద్దాయన కోడలి వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన గిన్నె వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, తాళం వైపు చూశాడు. ఏమీ అనకుండా నడవలోకి నడిచాడు.

ఆమె వెనకనుంచి చూసింది. వెళ్ళిపోతున్నాడు. కొడుకు చెప్పిన అబద్ధం వెనక్కే వెళ్ళి, గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటాడు కాబోలు. ఎనిమిదేళ్ళ చాకిరీ ఒక్కసారిగా ఆమె భుజాల మీదికి వచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే ఓడినట్టేనని పెదవి కొరుక్కుంది.

తల దించుకున్నప్పుడు కనబడింది. గాజుగిన్నె పక్కన, గచ్చు మీద, తువ్వాలు.

ఆయన నోటికి అడ్డం లేకుండా వెళ్ళాడు.

కోడలు లేచి తాళం తీసింది. మూడు రోజులుగా మూసిన గదిలోంచి మైనం వాసన, తడి ప్లాస్టరు వాసన కలిసి మొహానికి తగిలాయి. అరల నిండా ఊళ్ళోవాళ్ళ దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆమె కిటికీ తెరిచి, బల్ల ముందు కుర్చీలో కూచుని, స్పిరిట్ దీపం వెలిగించి, మైనం కత్తి చేతిలోకి తీసుకుంది. సగంలో ఆగిపోయిన సెట్టు ఒకటి మూడు రోజులుగా ఎదురుచూస్తోంది. ముందు దాని సంగతి చూడాలి.

తెర అవతల ముందుగది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"అదేంటి మాస్టారూ, మీ పళ్ళు?" అన్నాడు కార్యదర్శి.

"విరిగాయి."

"అయ్యో! మీరు కట్టుకున్నవి కదా, మళ్ళీ ఎంతసేపు మీకు!"

కోడలి చేతిలో కత్తి కదల్లేదు. పెద్దాయన గొంతు సవరించుకోవడం వినిపించింది.

"మాస్టారూ!" అని పిలిచాడాయన. మెత్తగా, తడిగా, వంకరగా వచ్చింది ఆ పిలుపు. కానీ గట్టిగా వచ్చింది. "మాస్టారూ, ఒకసారి ఇలా వస్తారా?"

ముందుగదిలో ఎవరికీ అర్థం కాలేదు. అక్కడివాళ్ళకు తెలిసిన మాస్టరు ఒక్కడే, ఆయనే కదా పిలుస్తున్నది! అత్తగారు మాత్రం వంటింటి గుమ్మంలోంచి తెర సందులోకి తొంగిచూసి, "నిన్నేనమ్మా" అంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

కోడలు అలవాటుకొద్దీ సగం లేచింది. పిలిస్తే లేవడం పదకొండేళ్ళ అలవాటు. లేచిన మనిషి ఆగి, మళ్ళీ కూచుంది.

"పని మీద ఉన్నాను" అంది, ముందుగదికి వినబడేలా. "చూడాలనుకున్నవాళ్ళు లోపలికి రావచ్చు."

"లోపలికి వద్దండీ, అంతా దుమ్ము" అంటూ భర్త తెరకు అడ్డం వచ్చాడు.

"తప్పుకో" అన్నాడు పెద్దాయన.

భర్త తండ్రి వంక చూశాడు, తెరలోంచి భార్య వంక చూశాడు. ఎవరివైపు జరుగుతున్నాడో తనకే తెలియనట్టు పక్కకు జరిగాడు.

తెర తొలగింది. ముందు పటం కట్టిన ప్రశంసాపత్రం గదిలోకి వచ్చింది, దాని వెనక కార్యదర్శి, అతని వెనక ఫోటోగ్రాఫరు, అందరికన్నా వెనక పెద్దాయన. కార్యదర్శి అరలకేసి చూశాడు, దవడలకేసి చూశాడు. కోడలి తల మీదుగా గది మూలమూలా వెతికాడు.

"ఏమ్మా, మాస్టారు ఎక్కడ?" అని ఆమెనే అడిగాడు.

పెద్దాయన వెనకనుంచి చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. కోడలు అప్పటికే గుమ్మం దగ్గరి స్టూలు ముందుకు లాగింది.

"కూచోండి" అంది కార్యదర్శితో. "పోయినేడు మీరు కట్టించుకున్న పైసెట్టు నోట్లోనే ఉందిగా?"

"ఉంది. ఎందుకమ్మా?"

"నాలిక పైకెత్తి తడమండి. చిన్న చుక్కలు తగుల్తాయి. మాస్టారి సెట్టైతే మూడే ఉండాలి. ఈ ఎనిమిదేళ్ళలో ఈ గదిలోంచి బయటికి వెళ్ళిన ఏ సెట్టుకైనా సరే, మీదైనా, పోస్టాఫీసు ఆవిడదైనా, ఎన్నున్నాయో వాళ్ళ నాలికనే అడగండి."

పెద్దాయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కళ్ళకి మిగతావాళ్ళ చుక్కలు ఆనక, ఒక్క తన నోట్లోనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

కార్యదర్శి బుగ్గ లోపల నాలుక మెల్లగా కదిలింది. ఒకటి. రెండు. మూడు.

అతని మొహం మారింది. ఫోటోగ్రాఫరు, ఎవరూ చెప్పకుండానే, కెమెరాను కోడలి వైపు తిప్పాడు.